పల్లె నల్లీ, బొంబాయి నల్లీ

మా రాజమల్లు మామ ఎవరింటికి వెళ్లినా ముందు మనిషిని కాదు, మంచాన్ని పలకరించేవాడు. చెప్పులు గడప బయట విడిచి, తిన్నగా మంచం దగ్గరికి పోయి, నాలుగు కోళ్ల సందుల్లోకీ తొంగి చూసి, అప్పుడు వెనక్కి తిరిగి, "ఆఁ, అందరు బాగున్నరా?" అనేవాడు. ఆ అడిగింది ఇంటివాళ్లనో, సందుల్లో ఉన్నవాళ్లనో ఎవరికీ తెలిసేది కాదు.

బొంబాయి కామాటిపురాలో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి. కొందరికి గుర్రప్పందాలు, కొందరికి మట్కా, కొందరికి భజన. మామకు నల్లి. దాన్ని వెతకడం, పట్టుకోవడం, చంపడం, చంపాక దాని గురించి మాట్లాడడం. ఇందులో ఆఖరు పనికే ఎక్కువ సేపు పట్టేది. గదులు బారుగా ఉండే మా చాళీలో మావి పక్కపక్క ఖోలీలు కావడం వల్ల ఆ మాటల్లో నూటికి తొంభై నా చెవుల మీదుగానే పోయాయి. నేను ఖోలీల ముందు గ్యాలరీలో కూర్చుని ఏదో పుస్తకం చదువుకుంటూ ఉంటే, వచ్చి, పుస్తకం వెన్ను వంచి చూసి, "ఇండ్ల గూడ ఉంటయి అల్లుడా. బైండింగు జిగురు దగ్గర," అని మొదలుపెట్టేవాడు.

ఆయన చేసే పని కూడా అలాంటిదే. ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఒక పాత టాకీసులో కుర్చీలు బాగుచేసేవాడు. చిరిగిన రెగ్జిన్ కుట్టడం, ఊడిన మేకు కొట్టడం, విరిగిన చెయ్యి అతికించడం. ఎనభైల నాటికే ఆ టాకీసు ఎంత పాతబడిపోయిందంటే, ఏడుపు సీనుకూ ఫైటింగుకూ జనం ఒకే తీరుగా మెలికలు తిరిగేవాళ్లు.

"చూడు అల్లుడా," అన్నాడు ఓసారి, "స్టాల్ నల్లి వేరు, బాల్కనీ నల్లి వేరు."

"రెండూ నల్లులే గదా మామా?"

"నువ్వూ మన చాళీ చైర్మన్ తుకారామూ ఇద్దరూ మనుషులే. ఒక్కటేనా?"

నేను పుస్తకం మూసేశాను.

"స్టాల్ నల్లికి తొందరెక్కువ. స్టాల్ల కూసున్నోడు ఎప్పుడు లేచి ఈలేస్తడో తెల్వది. అందుకే గబగబ కుట్టి గబగబ దిగుతది. బాల్కనీది నిమ్మళం. సేటు ఓసారి కూలబడితే ఇంటర్‌వెల్ దాంక లేవడు. అది పిల్లజెల్లను పిలుసుకోని దావతు చేసుకుంటది."

"పాట వచ్చినప్పుడో?"

"పాటొస్తే మొగోళ్లు బీడీ తాగనీకి బయటికి పోతరు. ఆ సంగతి నల్లికి తెల్సు. ఫైటింగ్ దాంక ఆగుతది. ఫైటింగ్ల ఎవడూ లేవడు, కుట్టినా తెల్వది."

"దానికి ఎట్ల తెలుస్తది మామా ఇదంతా?"

"తెల్వనిది సచ్చిపోయింది అల్లుడా. తెల్సింది పిల్లల్ని పెట్టింది. గంతే."

మామ చొక్కా జేబులు ఎప్పుడూ అగ్గిపెట్టెలతో ఉబ్బి ఉండేవి. ఆయనకు బీడీ అలవాటు లేదు. ఆ పెట్టెల్లో ఉండేవి ఊరూరి నల్లులు. ధారావిలో చుట్టాలింటికి పోతే ధారావి నల్లి, రైల్లో పోతే రైలు నల్లి. తెచ్చి, గ్యాలరీలో పెట్టి, దేని నడక ఎట్లా ఉందో చూసేవాడు. మిల్లు సమ్మెలో ఉండి పొద్దుపోక గ్యాలరీలో తిరుగుతున్న నారాయణ ఒకనాడు ఈ సంగతి మరిచి, బీడీ పెదవుల మధ్య పెట్టుకుని, మామ జేబులోంచి చనువుగా ఓ పెట్టె లాగాడు.

"అరే, తెరవకు! అది వర్లిది!" అని మామ అరిచేలోపే తెరిచాడు.

తర్వాత నారాయణ పంచె దులుపుకుంటూ ఎగిరిన ఎగురుడు చూసి కింది గల్లీలో జనం ఏదో ఊరేగింపు వస్తోందనుకున్నారు. మామ మాత్రం నేల మీద మోకాళ్ల మీద పాకుతూ, "తొక్కకురా నాయనా, తొక్కకు! బస్ల ఒళ్లో పెట్టుకోని తెచ్చిన," అని బతిమాలాడు. నారాయణ ఆ రోజుతో బీడీ మానేశాడు. భక్తులు, డాక్టర్లు, పెళ్లాం రత్నాబాయి అందరూ చెప్పి విసిగిపోయిన పని ఒక వర్లి నల్లి చేసింది.

మామకు ఒక చరిత్ర కూడా ఉండేది. చాళీకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అది వినక తప్పేది కాదు. తాతల కాలంలో మంచాన్ని ఎండలో పడేస్తే నల్లులు పోయేవట. కొన్నేళ్లకు అవి ఎండ రాకముందే మంచం దిగి గోడల్లోకి పోవడం నేర్చుకున్నాయి. మనవాళ్లు గోడలకు సున్నం వేశారు. అవి కిటికీ చెక్కల్లోకి పోయాయి. మనవాళ్లు మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టారు. అవి గోడెక్కి, వాసాల మీదుగా నడిచి, సరిగ్గా మనిషి పడుకున్నచోట పైనుంచి దూకాయి. అంతలో మునిసిపాలిటీ వాళ్లు తెల్ల పొడి చల్లారు. మొదట్లో చీపురుతో ఊడ్చి చేటలకెత్తేటన్ని చచ్చాయి. కొన్నాళ్లకు అదే పొడి ఒంటికి పూసుకుని, పెళ్లికి పోతున్న పేరంటాళ్లలా బారులు తీరి నడవసాగాయి.

"మరి మనమేం నేర్చుకోలేదా మామా?" అనడిగాను.

"ఎందుకు నేర్వలేదు? కొత్తగ వచ్చిన చుట్టాన్ని చూడు, తెల్లారేసరికి ఒళ్లంత దద్దులు. నీకు లేస్తయా? నాకు లేస్తయా? మన తోలు గూడ దానికి అలవాటైంది. అదిగూడ తక్కువది గాదు. మనిషిని సంపదు. సంపితే రేపు తాగేదేముంది? పద్ధతిగల్ల నల్లి ఆకలైనంతే తాగి పక్కకు జరుగుతది."

"ఇది ఎప్పటికి తెములుతది?"

"తెమలదు. గానుగెద్దు లెక్క. అదీ ఉరుకుతది, మనమూ ఉరుకుతం. ఇద్దరం ఉన్న కాడనే ఉంటం."

"అట్లయితే ఉరుకుడెందుకు?"

"ఓ నెల ఆగి చూడు, తెలుస్తది," అని నా మంచం వైపు జాలిగా చూశాడు.

ఇంత యుద్ధం నడిచే చాళీలో నల్లి అన్నది లేని ఇల్లు ఒక్కటే, మామ ఇల్లు. దానికి రుజువు తెల్ల దుప్పటి. చాళీలో అందరూ ముదురు రంగు దుప్పట్లే వాడేవాళ్లు. తెల్లది పరిస్తే నలిగిన నల్లి మరక కనిపించి పరువు పోతుందని భయం. మామ భార్య శాంతాబాయి మాత్రం పాలనురుగులాంటి దుప్పటి ఉతికి, గ్యాలరీ కమ్మీ మీద జెండాలా వేసేది. ఎవరైనా అటు చూశారో లేదో గమనించి మరీ లోపలికి పోయేది. మామకు నల్లుల శాస్త్రం ఎంతో, ఆమెకు ఆ దుప్పటి అంత.

ఒక దసరాకు మా చాళీలోని ఎల్లమ్మ ఇంటికి ఆమె తమ్ముడు రాములు పాలమూరు పల్లె నుంచి వచ్చాడు. మామ అతన్ని పలకరించకముందే అతని మూట విప్పించి, ఒక నల్లిని పట్టాడు. చాళీ అంతా చేరింది. బిస్కెట్ డబ్బా మూతలో టాకీసు మందు, అంటే ఆటకూ ఆటకూ మధ్య కుర్చీల మీద కొట్టే ఘాటు మందు, కాస్త చిలకరించాడు. పల్లె నల్లిని అందులో వదిలాడు. అది వాసన చూసి, ఒక్క అడుగు వేసి, వెల్లకిలా పడి కాళ్లు పైకెత్తేసింది. పక్కనే టాకీసు నల్లిని వదిలాడు. అది మూత ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, మధ్యలో ఆగి కాలు గోక్కుని మరీ పోయింది.

"చూసిండ్రా? పల్లెదానికి మందు తెల్వదు. అమాయకురాలు. మన బొంబాయిది తాతల నుంచి తాగి రాటుదేలింది," అని మామ ఉపన్యాసం ఇచ్చాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పిండిగిర్నీ తుకారాం, మా చాళీ కమిటీ చైర్మన్. "శభాష్ రాజమల్లూ! బొంబాయి అంటే బొంబాయే!"

ఆ చప్పట్లే తరువాత ఆయన మెడకు చుట్టుకున్నాయి.

మిల్లుల సమ్మె మొదలైన మరుసటేడు, ఎండాకాలంలో, పాలమూరు నుంచి లచ్చయ్య, వెంకటమ్మ అనే కొత్త జంట వచ్చింది. లచ్చయ్యకు కట్టడాల మీద ఇటుకలు మోసే పని దొరికింది. మూడో అంతస్తు చివరి ఖోలీలో ఒంటరిగా ఉండే ముసలి మల్లవ్వ వాళ్లను తన అటక మీద ఉండనిచ్చింది. వెంకటమ్మ ఏడో నెల చూలాలు. నిచ్చెనెక్కి అటకలోకి పోతుంటే కింద ఆడవాళ్లంతా ఊపిరి బిగబట్టేవాళ్లు.

ఆ ఎండలకు చాళీలో నల్లులు విపరీతంగా పెరిగాయి. ఏటా ఎండాకాలం పెరిగేవే. కానీ ఈసారి నెపం వేయడానికి మనుషులు దొరికారు.

"ఆ గొంగడి చూసినవా అక్కా? కడిగి ఎన్నేండ్లయ్యిందో," అంది కుళాయి దగ్గర రత్నాబాయి.

"వాళ్లు వచ్చిన కాడికెంచే మా ఆయనకు నిద్ర లేదు," అంది ఎల్లమ్మ. వాళ్లాయన అంతకుముందు ఇరవై ఏళ్ల నుంచీ నిద్ర లేదనే అంటున్నాడు, అది వేరే సంగతి.

మాట నీళ్ల బిందెలతో పాటు మెట్లెక్కి తుకారాం దగ్గరికి చేరింది. ఆయన వెంటనే ఆదివారం పొద్దున పంచాయితీ పిలిచాడు. మృగశిర కార్తె ముంగిట్లో ఉంది. ఆకాశం దక్షిణం వైపు నల్లబడుతోంది. వాళ్లను వెళ్లగొడితే ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఏ పునాది గుంట పక్కన కంటుంది అని మల్లవ్వ గొడవ పెట్టింది.

"అవ్వా, నాకు మాత్రం ఇష్టమా?" అన్నాడు తుకారాం. "కానీ చైర్మన్ అన్నంక బిల్డింగ్ సంగతి చూడాలె గదా. ఇంతమంది బాధపడుతుండ్రు. నల్లులు తెచ్చిండ్రా, బస్, పోవాలె. తేలేదా, ఉండొచ్చు. అదే న్యాయం. ఇన్సాఫ్."

ఆదివారం చాళీ నడిమి వాకిట్లో, చౌకులో, అందరూ చేరారు. తుకారాం కుర్చీలో, మిగతావాళ్లు మెట్ల మీద. లచ్చయ్య తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. వెంకటమ్మ స్తంభానికి ఆనుకుని, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని ఉంది.

"రాజమల్లూ," అన్నాడు తుకారాం, "నల్లుల సంగతి నీకంటె తెల్సినోడు బొంబాయిల లేడు. నువ్వే చెప్పు. ఇవి ఎక్కడికెంచి వచ్చినయి?"

మామ ఇలాంటి ప్రశ్న కోసం జీవితమంతా ఎదురు చూసినవాడు. అటువంటిది వెంటనే నోరు తెరవలేదు. వెంకటమ్మ వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్పుడెందుకు? నల్లినే అడుగుదాం."

"నల్లిని అడుగుడేంది?"

"దసరాకు అందరు చూసిండ్రు గదా. పల్లెది మందు వాసనకే పోతది. మనది నడుస్తది. లచ్చయ్య గొంగడిలకెంచి ఒక నల్లిని తీస్త. సచ్చిందనుకో, ఊరి నుంచి మూటల వచ్చింది. నడిచిందనుకో, అది బొంబాయిది. మన ఇండ్లల్లకెంచే అటకెక్కింది."

"వా! ఇది ఇన్సాఫ్!" అన్నాడు తుకారాం.

లచ్చయ్య ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. "సేటూ, ఆ గొంగడి మా నాయనది. మా తాత గూడ కప్పుకున్నడు..." అని నసిగాడు. అది తన మీద తానే సాక్ష్యం చెప్పుకోవడమని పాపం అతనికే అర్థమైనట్టుంది, మధ్యలో ఆపేశాడు.

"ఇంకొకటి," అన్నాడు మామ. "పక్కన జోడుగ ఒక అసలైన బొంబాయి నల్లి ఉండాలె. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండది. ఎవరింట్లకెంచి తెద్దాం?"

అంతవరకూ చౌకులో ఎవరి వీపు వాళ్లు, ఎవరి మెడ వాళ్లు గోక్కుంటున్నారు. ఆ మాటతో చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"రత్నాబాయి?"

"మా ఇంట్లనా? పొద్దుమాపు దులుపుత నేను!"

"ఎల్లమ్మా?"

"రామ రామ! పోసమ్మ మీద ఒట్టు, ఒక్కటంటే ఒక్కటి లేదు."

"చైర్మన్ సాబ్?"

"నీకు బుద్ధుందా రాజమల్లూ? నా ఇంట్ల నల్లా?" అని తుకారాం కుర్చీలో గట్టిగా కదిలాడు. ఆ కదలడంలో కోపం ఎంతో, దురద ఎంతో చెప్పడం కష్టం.

ఇంతమంది నల్లుల బాధ పడలేక పిలిచిన పంచాయితీలో నల్లి ఉన్న ఇల్లు ఒక్కటీ తేలలేదు. అటక తప్ప. లెక్క లచ్చయ్య మీదికే తిరుగుతోంది. మామ అది చూశాడు. నెమ్మదిగా లేచాడు.

"సరే. మా ఇంట్లకెంచి తెస్త."

పై గ్యాలరీలో నిలబడ్డ శాంతాబాయి, "ఏందీ?" అంది.

"దిండుల ఉన్నయి శాంతా. ఇన్నొద్దులు దాచినం. ఇగ దాచుడెందుకు?"

బొంబాయి రేవులో ఓడ మునిగిందన్నా అంత నిశ్శబ్దం అయ్యేది కాదు. శాంతాబాయి చేతిలో తడి బట్ట జారి కిందపడింది. ఆమె నోరు తెరిచింది. మామ కింద నుంచి ఆమెనే చూస్తున్నాడు, తరువాత చూపు వెంకటమ్మ మీదికి మళ్లించి, మళ్లీ ఆమె మీదికి తెచ్చాడు. ఆమె నోరు మూసుకుని, విసురుగా లోపలికి పోయింది.

అప్పుడు మొదలైంది.

"అబ్బో! తెల్ల దుప్పటి కింద గిదా కథ!" అంది రత్నాబాయి.

"జెండా ఎగరేసినట్టు ఎగరేసేది గదా వదినా!"

"ఊరందరి మంచాలు ఎతికినోడు సొంత దిండు ఎతకలే!" అని నారాయణ పాత బాకీ తీర్చుకున్నాడు.

మామ తలవంచుకుని ఇంట్లోకి పోయి, దిండు తెచ్చి, అందరి ఎదుట కుట్టు విప్పి, ఒక నల్లిని పెట్టెలోకి ఎక్కించాడు. తరువాత తుకారామ్‌ను సాక్షిగా తీసుకుని అటకెక్కాడు. తుకారాం టార్చి పట్టుకున్నాడు. గొంగడి అంచులోంచి నల్లిని తీయడం, ఇంకో అగ్గిపెట్టెలో వేయడం తన కళ్లతో చూశానని కిందికి దిగగానే గట్టిగా చెప్పాడు.

బిస్కెట్ డబ్బా మూత చౌకు మధ్యలో పెట్టారు. మామ మందు చిలకరించాడు. జేబులోంచి రెండు పెట్టెలు తీశాడు.

"ఇది మా దిండుది." వదిలాడు. అది నడిచింది.

"ఇది గొంగడిది." లచ్చయ్య కళ్లు మూసుకున్నాడు. వెంకటమ్మ చెయ్యి స్తంభాన్ని బిగించి పట్టుకుంది. మామ పెట్టె తెరిచాడు.

అదీ నడిచింది. నడక కూడా మామూలు నడక కాదు. ఆట మొదలయ్యాక టార్చి అక్కర్లేకుండా సీటు వెతుక్కునే పాత ప్రేక్షకుడిలా తిన్నగా నడిచింది. మూత మధ్యలో రెండూ ఎదురుపడ్డాయి. ఆగాయి. మీసాలు తగిలించుకున్నాయి. కలిసి ఒకే వైపు పోయాయి.

"ఓ యవ్వ! తోడబుట్టినట్టు పోతున్నయి!" అంది మల్లవ్వ.

"చూసినవా చైర్మన్ సాబ్," అన్నాడు మామ. "రెండూ బొంబాయియే. వాళ్లు ఏం తేలేదు. పాపం సక్కగ వచ్చినోళ్లకు మనమే అంటించినం."

చప్పట్లు కొట్టిన శాస్త్రాన్ని కాదనడం తుకారాం వల్ల కాలేదు. కాసేపు మూతనూ, కాసేపు ఆకాశాన్నీ చూసి, లేచి నిలబడ్డాడు. "ఇన్సాఫ్ అంటే ఇన్సాఫ్. లచ్చయ్యా, ఉండు. అటక మీద వాన కురిస్తే చెప్పు, పైన కప్పనీకి తాట్‌పత్రి ఇప్పిస్త." లచ్చయ్య అటు తుకారామ్‌కూ ఇటు నల్లులకూ కలిపి ఒక దండం పెట్టాడు.

సాయంత్రం మామా నేనూ వీధి మలుపులో, నాకా మీద ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నాం. నాకు లోపల ఏదో గుచ్చుతోంది.

"మామా, ఒక అనుమానం."

"అడుగు."

"మూడు తరాల గొంగడి. అందులో ఒక్క పల్లె నల్లి కూడా లేదంటే నమ్మబుద్ధి అయితలేదు."

మామ హోటలంతా ఒకసారి చూసి, కింది జేబులోంచి మూడో అగ్గిపెట్టె తీసి సాసరు పక్కన పెట్టి, కొంచెం తెరిచాడు. లోపల ఒక బక్క నల్లి, కాళ్లు పైకెత్తి ఉంది.

"ఇది గొంగడిది. ఆ మూత దాంక గూడ పోలే. నా జేబుల మందు వాసన ఉంటది గదా, మెట్లు దిగేలోపలనే పాయె పాపం."

"అంటే వాళ్లు తెచ్చిండ్రు!"

"తెచ్చిండ్రు."

"మూతల నడిచిన రెండూ?"

"రెండూ మా దిండుయే. కుట్టు విప్పినప్పుడే ఇంకోటి ఇంకో పెట్టెల వేసుకున్న."

"నల్లుల విషయంల అబద్ధం చెప్పినవా మామా? నువ్వా?"

మామకు నిజంగానే నొప్పి తగిలినట్టుంది. చాయ్ మీద మీగడను చెంచాతో పక్కకు తోశాడు.

"మా తాత ఇక్కడికి వచ్చినప్పుడు మూటల ఏం తెచ్చిండనుకున్నవ్? ముత్యాలా? తుకారాం తాత ఏం తెచ్చిండు? ఇయ్యాల ఈ చాళీల దర్జాగ నడిచే నల్లులన్నిటి తాతముత్తాతలు ఎవడో ఒకడి గొంగడిల పాలమూరు నుంచి దిగినయే. వచ్చిన కొత్తల అవి గూడ వాసనకే పడిపోయినయి. మనోళ్లు గూడ అంతే. సుట్టూ ఏదో వాసన, ఏదో భాష, కండ్లు తిరిగినయి. నాలుగు వానలు తడిసినంక నిలబడ్డం. వాళ్లకు గూడ నాలుగు వానలు ఇయ్యాలె గదరా."

నేను అగ్గిపెట్టె మూసి ఆయన వైపు జరిపాను. అప్పుడు అడిగాను. "అయితే మీ ఇంట్ల నల్లులున్నయన్న మాట."

"థూ! మా ఇంట్లనా?" మామ ఎగిరిపడ్డాడు. "పొద్దుగాల టాకీసుకు పోయి పట్టుకొచ్చి దిండుల వేసిన. ఎవడూ ఇయ్యడని నాకు ముందే తెల్సు." గొంతు తగ్గించాడు. "ఐదారు వేసిన. రెండు తీసిన. మిగిలినయి దొరుకుతలేవు. శాంతకు చెప్పకు."

శాంతాబాయికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. వానలు పడేసరికి ఆమె వీపే ఆమెకు చెప్పింది. కమ్మీ మీద తెల్ల దుప్పటి కనబడడం మానేసింది. దాని చోట ముదురు నీలం గళ్లది వచ్చింది. కుళాయి దగ్గర రత్నాబాయి, "ఏం వదినా, రంగు మారింది?" అంటే, బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఇంట్లో మామకు అన్నంతో పాటు ఏం వడ్డించేదో గోడ ఇవతల ఉన్న నాకు బాగా వినబడేది. "పరువు తీసి పండుగ చేసిన మహారాజు" అన్నది అందులో అన్నింటికంటే మెత్తనిది. మామ టాకీసు నల్లుల సంగతి ఒప్పేసుకుని, "వాళ్లకు నాలుగు వానలు ఇయ్యాలె గదనే," అని గొణగడం కూడా వినబడేది.

మధ్యలో ఒక రోజు వాన తెరిపి ఇచ్చింది. కాస్త ఎండ వచ్చింది. శాంతాబాయి పరుపును గ్యాలరీలోకి ఈడ్చి, కమ్మీ మీద వేసి, కర్రతో కొడుతోంది. ఒక్కో దెబ్బకు ఒక్కో తిట్టు. మామ గడపలో కూర్చుని, తనకేమీ సంబంధం లేనట్టు ఎదురు మేడ మీద కాకిని చూస్తున్నాడు. గ్యాలరీలో నలుగురు చేరి ముసిముసిగా నవ్వుతున్నారు.

అప్పుడు మెట్లు దిగి వెంకటమ్మ వచ్చింది. ఒళ్లో వేపాకు మూటకట్టుకుంది. ఆయాసపడుతూ శాంతాబాయి పక్కన నిలబడి, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించింది. పాలమూరు వాళ్ల రహస్యం కాబట్టి మాకందరికీ వినబడింది.

"పెద్దమ్మా, నామోషి పడకు. నల్లులు ఎవరింట్ల ఉండయి చెప్పు? మా దిక్కు దిండుల వేపాకు పెడ్తం. నీకోసమని మా ఆయనను పంపి కోయించిన. ఎవరన్న ఎక్కిరిస్తే నాకు చెప్పు, నేను మాట్లాడ్త."

శాంతాబాయి కర్ర గాల్లోనే ఆగిపోయింది. ఆమె వెంకటమ్మ ముఖంలోకి చూసింది. మామ వైపు చూసింది. మామ కాకిని వదిలి ఆమెనే చూస్తున్నాడు, రాబోయేది ఏదో తెలిసినవాడిలా భుజాలు ముడుచుకుని. ఒక్క మాట. ఆ ఒక్క మాట అంటే ఆమె దుప్పటి మళ్లీ తెల్లబడేది.

"అవును బిడ్డా," అంది శాంతాబాయి. "ఎవరింట్ల ఉండయి."

ఒక పీట తెచ్చి వెంకటమ్మను కూర్చోబెట్టింది. వేపాకు రెబ్బలు తీసుకుని, దిండు కుట్టు విప్పి ఆమె ముందు పెట్టింది. "నువ్వు ఏం ముట్టకు, కడుపుతో ఉన్నదానివి. ఎట్ల పెట్టాల్నో చెప్పు చాలు. కొట్టనీకి మనిషి ఉన్నడు." అని గడప వైపు తిరిగింది. "ఏమయ్యో! లే! గట్టిగ కొట్టు, ఒక్కటి బతకొద్దు!"

మామ లేచాడు. కర్ర అందుకున్నాడు. పరుపు దగ్గరికి పోయి, కుట్ల సందులోకి వంగి చూసి, ఆగిపోయాడు.

"శాంతా," అన్నాడు మెల్లగా, "పిల్లలైనట్టున్నయి."

"ఎన్ని?" అంది శాంతాబాయి.

"చానా."

ముందు వెంకటమ్మ నవ్వింది. ఎంత ఆపుకుందామన్నా ఆగక, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెను చూసి రత్నాబాయి, రత్నాబాయిని చూసి మల్లవ్వ. శాంతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో మామ వీపు మీద ఒక్కటి వేసి, "అయితే నాలుగు వానలు ఉండనీ," అంది.